సోలెడు కందులు, మూడు రాశులు

నర్సీపట్నమున బస్సెక్కి, చింతపల్లి మీదుగా, సీలేరు మీదుగా, మలుపు వెంట మలుపు తిరుగుచు భద్రాచలపు దారిని పోవు ప్రయాణికునకు, ఇక అడవి తప్ప వేరేమియు కానరాదని నిశ్చయించుకొని కన్నులు మూతపడబోవు వేళకు, కొండల నడుమ నిశ్చలముగా పరచుకొన్న నీరును, దాని కడ్డముగా కట్టిన ఆనకట్టయు, విద్యుత్ కేంద్రమును, అందులో పనిచేయువారికై కట్టిన క్వార్టర్లును కనబడును. అది డొంకరాయి. ఒకప్పటి తూర్పు గోదావరి జిల్లాలో వై. రామవరము మండలమునకు చెందిన ఈ ఊరిని మైదానమువా రెరుగుటయే తక్కువ. ఎరిగినవారును సీలేటి నీరు కరెంటగు చోటులలో ఒకటిగా మాత్రమే ఎరుగుదురు. నేను కరెంటు కొరకు గాని, జలాశయపు అందము కొరకు గాని పోలేదు. ముప్పది యేండ్లు బడిపిల్లలకు లెక్కలు చెప్పి విరమించినవాడను. ఆ ప్రాంతమున పనిచేయుచున్న నా పాత శిష్యు డొకడు, “మేష్టారూ, మా పిల్లలకు నిష్పత్తి ఎక్కడం లేదండీ, ఒకసారి వచ్చి చూడండి” అని ఫోను చేయగా పోయితిని. ముసలి ఉపాధ్యాయునకు ఇంతకంటె పెద్ద గౌరవ మెవరు చేయుదురు?

ఆ చుట్టుపట్ల నొక బడిలో ఏడవ తరగతి పిల్లల యెదుట నల్లబల్లపై రెండు మనుష్యాకారములను గీచితిని. పొట్టివాని ఎత్తు నాలుగు బొత్తాములు. పొడుగువాని ఎత్తు ఆరు బొత్తాములు. అదే పొట్టివానిని చీపురుపుల్ల ముక్కలతో కొలువగా ఆరు ముక్కలు వచ్చినవి. అట్లయిన పొడుగువానికి ఎన్ని ముక్కలు రావలయును? ఒక్క నిమిషమైన పట్టకుండ ముందు వరుసలోని పిల్లవా డొకడు లేచి, “ఎనిమిది సార్” అనెను. ఎట్లని అడుగగా, “ఈడు ఆడికన్నా రెండెక్కువ గదా సార్” అని, నా తెలివిని శంకించుచున్నట్లు నన్ను చూచెను. తక్కినవారిలో హెచ్చుమంది వానితో ఏకీభవించిరి. సరియైన జవాబు తొమ్మిది. నాలుగు బొత్తాములకు ఆరు ముక్కలన్నప్పుడు ప్రతి రెండు బొత్తాములకు మూడు ముక్కలు. కావున ఆరింటికి తొమ్మిది. పిల్లవాడు రెండు కొలతల నడుమ నున్న భేదమును చూచినాడు గాని, ఒకటి మరియొకదానికి ఎన్ని రెట్లన్న సంగతిని చూడలేదు.

ఈ ప్రశ్న నా సొంతము కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రజ్ఞుడుగా పేరుపొంది, పిదప బడిపిల్లల సైన్సు చదువువైపు మరలిన రాబర్టు కార్‌ప్లస్ అను నాతడు అర్ధ శతాబ్దమునకు పూర్వమే దీనిని అమెరికా పిల్లల యెదుట పెట్టినాడు. అచ్చటి పిల్లలలోను పలువురు ‘ఎనిమిది’ అనియే చెప్పినారు. కనుక మన్యపు పిల్లలు మందబుద్ధులనియు, వారికి గణిత మబ్బదనియు తేలికగా నోరుజారు మైదానపు పెద్దమనుష్యులు ఈ విషయమున కొంచెము నిదానింపవలయును. కూడిక మనుష్యునకు తొందరగా అబ్బును. రెట్టింపు, మూడురెట్లు, ఒకటిన్నర రెట్లు అను ఊహ రెండు కొలతలను ఒకేసారి మనస్సున నిలుపుకొనుట నేర్చినగాని రాదు. ఇది ప్రపంచమందంతటను నిష్పత్తి పాఠము తొలి గడపయొద్ద పిల్లలు తగులుకొని పడు రాయి. ఆ రాతిని తొలగించుటకు మనమేమి చేయుచున్నాము అన్నదే నా ప్రశ్న. అందులకు ముందుగా నేను చేసినదేమో ఒప్పుకొనవలసి యున్నది.

ఆరవ, ఏడవ తరగతులలో నిష్పత్తి–అనుపాతము అను పాఠము వచ్చినప్పుడెల్ల నేను పూర్వపదము, పరపదము, అంత్యములు, మధ్యములు అను మాటలను బోర్డుమీద వ్రాసి, ‘అంత్యముల లబ్ధము మధ్యముల లబ్ధమునకు సమానము’ అను సూత్రమును పదిమార్లు వల్లె వేయించి, ఆ వెనుక అడ్డగుణకారము నేర్పి, ఇరువది లెక్కలు చేయించి, పాఠ మయిపోయినదని చేతులు దులుపుకొన్నవాడను. పిల్లలకు మార్కులు వచ్చినవి. ఆ మార్కులు నా బోధనకు సాక్ష్యమని నేను నమ్మితిని. పది పదునైదేండ్లు గడచిన పిమ్మట, అదే తరగతిలో మంచి మార్కులు తెచ్చుకొన్న యువకు డొకడు ఎరువుల కొట్టులో నిలబడి, అర ఎకరమునకు మందెంత కలుపవలెనో కొట్టువానిని అడుగుచుండగా చూచి, నా చేతుల దుమ్ము ఇంకను పోలేదని గ్రహించితిని. సూత్రము వానికి జ్ఞాపకమున్నది. ఏ రాశిని ఏ రాశి ప్రక్కన పెట్టవలెనో తెలియలేదు. నేనా సంగతి వానికి ఏనాడును చెప్పలేదు; ప్రశ్నాపత్రము ఏ వరుసలో ఇచ్చునో ఆ వరుసలోనే పెట్టుమంటిని.

డొంకరాయినుండి తిరిగివచ్చుచు దారిలో ఒక వారపు సంతలో దిగితిని. అడ్డాకుల కట్టలు, కొండచీపుళ్లు, పసుపు కొమ్ములు, చింతపండు గంపలు. వాని నడుమ గోనెపట్టా పరచుకొని, కందులు కుప్ప పోసికొని కూర్చున్న తల్లియు, పది పన్నెండేండ్ల కూతురును. తల్లి బేరములో చొరబడక ఆకు చుట్ట చుట్టుకొనుచుండెను. కొలుచుట, లెక్కకట్టుట, డబ్బు పుచ్చుకొనుట పిల్లదే. చేతిలో అంచు అరిగి నున్నబడిన ఇత్తడి సోల. కందులను సోలలో పోసి, శిఖ కట్టువరకు ఉంచి, అరచేతితో ఒక్కసారి తట్టి కొనువారి సంచిలో ఒంపుచున్నది. సోల ఇరువది రూపాయలు. క్వార్టర్లలో కాపురమున్నదని వేషమును బట్టి తోచిన యొక ఇల్లాలు వచ్చి, “మూడు మానికలు, ఒక సోలెడు కొలువు పాపా. ఎంతయిందే?” అని అడిగినది. పిల్ల చేతిని ఆపకుండగనే, “అడ్డ నూటరవై, మానిక ఎనబై, రెండొందల నలబై. సోల ఇరవై. రెండొందల అరవై ఇయ్యమ్మా” అనెను.

నాకు వెంటనే బడిబుద్ధి పుట్టినది. పిల్లయొద్ద గొంతుకూర్చుండి, “ఏ తరగతి అమ్మా?” అని అడిగి, “ఆరు” అని చెప్పగా, “సోల ఇరవై అయితే పదమూడు సోలలెంత?” అంటిని. పిల్ల ఒక్క క్షణము ఆలోచించి, నవ్వి, “పదమూడు సోలలని ఎవరడుగుతారు సార్?” అనెను. తల్లియు నవ్వినది. మూడు మానికలమీద ఒక సోల అన్నను, పదమూడు సోలలన్నను ఒకటియే; ఒకదాని కామె జవాబు చెప్పియే యున్నది; రెండవది ఆమె దృష్టిలో లెక్కయే కాదు. నేను ముప్పది యేండ్లుగా పిల్లల నడిగినవన్నియు పదమూడు సోలలేనేమోయని ఆ గోనెపట్టా యెదుట నాకు తోచినది.

మన పాతకొలతల సంగతి నేటి పిల్లలకు తెలియదు గనుక ఇచ్చట కొంచెము నిలువక తప్పదు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండడ్డలు కుంచము, నాలుగు కుంచములు తూము, ఇరువది తూములు పుట్టి. గిద్దనుండి తూమువరకు అంతయు రెట్టింపులును, రెట్టింపుల రెట్టింపులును తప్ప మరొకటి కాదు. ఈ వరుస నోటికి వచ్చిన పిల్లకు నిష్పత్తి అను మాట తెలియకపోవచ్చును. కాని గిద్ద ధర తెలిసిన కుంచము ధర తెలియునన్న సంగతియు, కొలత రెట్టింపైన ధరయు రెట్టింపగునన్న సంగతియు ఆమె వ్రేళ్లకే తెలియును. అనుపాత మన నింతకంటె వేరున్నదా? (అడ్డ అను కొలతయు అడ్డగుణకారమును ఒకే మాటతో మొదలగుట ఎంతటి వేళాకోళము! మొదటిది పిల్లకు తెలియును. రెండవది మనము నేర్పుదుము. రెంటికి నడుమ సంబంధము నెవ్వరును చెప్పరు.)

ఇది డొంకరాయి దారిలో నేనొక్కడనే కనిపెట్టిన వింత కాదు. బ్రెజిల్ దేశమునందలి రెసీఫె నగరమున వీధులలో కొబ్బరికాయలు, పండ్లు అమ్ముకొను పిల్లలను తెరెజీన్యా కరాయెర్ మొదలగు పరిశోధకులు పరీక్షించి 1985లో ప్రకటించిన ఫలితములు గణితబోధనను గూర్చి ఆలోచించువారెల్లరు ఎరిగినవే: బేరములో అడిగిన లెక్కలకు ఆ పిల్లలు నూటికి 98 సరిగా చెప్పిరి, అవే లెక్కలను కథా సమస్యలుగా మార్చి యిచ్చినప్పుడు 74కు, బొత్తిగా అంకెలుగా కాగితముపై నిచ్చినప్పుడు 37కు దిగజారిరి. మన దేశముననే కలకత్తా, ఢిల్లీ నగరముల అంగళ్లలో పనిచేయు పిల్లలను 1,400 మందికి పైగా పరీక్షించి, అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో ప్రభృతులు 2025లో ‘నేచర్’ పత్రికలో వెలువరించిన పరిశోధనమున తేలినదియు ఇదియే. అంతేకాదు, బడికి మాత్రమే పోయి అంగడి మొగము చూడని పిల్లలు బేరపు లెక్కలలో తడబడుదురన్నది దానికి తోడు. అంగడినుండి బడికి గాని, బడినుండి అంగడికి గాని వంతెన లేదు. వంతెన కట్టవలసినది ఎవరు? అంగడివాడు కట్టడు గదా.

ఒకప్పుడా వంతెన మన గణితమున నుండెనని నా నమ్మకము. మూడు తెలిసిన రాశులనుండి నాలుగవదానిని సాధించు పద్ధతికి మన పూర్వులు త్రైరాశికమని పేరిడినారు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయమున అది కలదు. ఒక దానికింత ఫలమని తెలిసినది ప్రమాణము; దానికి వచ్చునది ఫలము; మనకు కావలసినంత రాశి ఇచ్ఛ. ఇచ్ఛను ఫలముచే హెచ్చవేసి ప్రమాణముచే భాగించిన ఇచ్ఛాఫలము వచ్చును. నేటి పాఠ్యపుస్తకపు అడ్డగుణకారమునకును దీనికిని అంకెలలో భేదము లేదు, మాటలలో నున్నది. ‘ఇచ్ఛ’ అన్న పేరులో అడుగువా డొకడున్నాడు, వానికొక కోరిక యున్నది, సంచి పట్టుకొని ఎదుట నిలబడినాడు. అంతకంటె ముఖ్యమైనది, ప్రమాణమును ఇచ్ఛయు ఒకే జాతివి కావలెనని మన గణితకారులు సూత్రములోనే కట్టిరి: సోలలకు సోలలే, రూపాయలకు రూపాయలే. ఏది దేనికి జతయో ముందు నిర్ణయించుము, ఆ మీదటనే హెచ్చవేయుము అని దాని తాత్పర్యము. నేను బోధించినప్పుడు ఈ మొదటి మెట్టును దూకి రెండవదానిమీద నిలిచితిని.

ఈ విద్య తెలుగున ఆలస్యముగా వచ్చినదియు గాదు. రాష్ట్రకూటుల కాలమున తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును, ఆ తరువాతి రెండు శతాబ్దులలోనే పావులూరి మల్లన తెనుగు పద్యములలోనికి తెచ్చినాడు. రాజరాజనరేంద్రునివలన పిఠాపురము చెంతనున్న నవఖండవాడను అగ్రహారముగా పొందినవాడని ఆతనిని గూర్చి చెప్పుదురు. పిఠాపురము ఈ కొండలకు దిగువనున్న మైదానమే. తెలుగువాడు తన భాషలో ఇతిహాసమును చదువుకొనుట మొదలిడిన కాలముననే తన భాషలో లెక్కలును నేర్చుకొనెనన్నమాట. సాహిత్యచరిత్రలు వ్రాయువారు మల్లనకు రెండు పంక్తులు కేటాయించి ముందుకు పోవుట నాకు ఎప్పుడును కొంత కష్టముగనే తోచును.

త్రైరాశికమునకు తోడబుట్టినది వ్యస్త త్రైరాశికము. నేటి పుస్తకములు విలోమానుపాత మనుచున్నవి. ఇచ్ఛ పెరిగినకొలది ఫలము తరుగు చోట్ల ఇది పనికివచ్చును. 1150 ప్రాంతమున లీలావతిని రచించిన భాస్కరాచార్యుడు ఇది వర్తించు తావులను చెప్పుచు, ధాన్యపురాశిని వేరువేరు పాత్రలతో కొలుచుటను వానిలో చేర్చినాడు: ఏడాఢకముల పాత్రతో కొలువగా నూరు కొలతలు వచ్చిన రాశి అయిదాఢకముల పాత్రతో నూట నలుబది వచ్చును. పాత్ర పెద్దదైన కొలతల సంఖ్య చిన్నది. పాఠ్యపుస్తకములలో ఈ పాఠమునకు పనివారు, గోడలు, దినములు వచ్చును. సంతలో మాత్రము ఈ పాఠము వేరు విధముగా ఎదురగును. కందులపిల్ల ప్రక్కన కూర్చున్న ముసలమ్మ, మా మాటలు వినుచునే యుండి, “మా సోలకి తొమ్మిదైతే ఆడి సోలకి ఎనిమిదే అవుద్ది బాబూ” అనెను. ‘ఆడు’ అనగా బస్తాలు కొనుటకు వచ్చిన షావుకారు. చిల్లరగా అమ్మునప్పుడు వీరి సోల. టోకున అమ్మునప్పుడు వాని సోల. తొమ్మిది సోలల కందులకు నూట ఎనుబది రావలసిన చోట నూట అరువది వచ్చును. తొమ్మిదింట నొక పాలు గాలిలో కలిసిపోవును. విలోమానుపాతమును ఆ ముసలమ్మ ఎవ్వరివద్ద నేర్చుకొన్నదో వేరుగా చెప్పనక్కరలేదు. ఆమె చెప్పలేకపోయినది, చేయలేకపోయినది ఒక్కటే: నూట అరువదిని నూట ఎనుబదికి ప్రక్కన పెట్టి, ఎనిమిదింటికి తొమ్మిదని చూపి, ఆ తేడా నిమ్మని అడుగుట.

దొంగకొలతల బాధ మన్యమున కొత్తది కాదు. గిరిజనుల సరకునకు సరసమైన ధర యిప్పించుటకును, షావుకార్ల పట్టు సడలించుటకును గిరిజన సహకార సంస్థ 1956లో ఏర్పడినది; దశాంశ పద్ధతి తూనికలు కొలతల చట్టమును పార్లమెంటు చేసినది ఆ సంవత్సరముననే. కిలోరాయి వచ్చినది, త్రాసు వచ్చినది, ఇప్పుడు అంకెలు వెలుగు యంత్రములును వచ్చినవి. అయినను సోల పోలేదు. పోవలెనని నేననను, సోలను కిలోకు ఎట్లు ముడిపెట్టవలెనో, ఒక సోల కందులు ఎన్ని గ్రాములో బడి నేర్పవలెననుచున్నాను. పసుపునే తీసికొనుడు. పచ్చికొమ్ములను ఉడకబెట్టి ఎండబెట్టినచో సుమారు అయిదింటికి ఒకటి మిగులును. పచ్చిది కిలో ఇరువది రూపాయలకు అడుగుచున్నాడనుకొందము. ఎండినది నూరు దాటి పలికినగాని వంటచెరకు, పదిదినముల ఎండ, రెక్కల కష్టము గిట్టవు. ఈ లెక్కను ఇంటిలో వేసికొనగల పిల్ల యున్నచో తండ్రి పచ్చిది అమ్ముటయా, ఎండబెట్టుటయా అన్నది అరుగుమీదనే తేలును. అయిదుకు ఒకటి అన్నది ఆరవ తరగతి పాఠమే గదా.

నిష్పత్తి తెలియని చోట ప్రాణమునకే ముప్పు వచ్చు సందర్భ మొకటి చెప్పవలయును. వాంతులు, విరేచనములు పట్టినవారికి ఇంటిలో చేసి యిచ్చు ద్రవమునకు లెక్క ఇది: లీటరు మంచినీటికి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాలు తలదీసినవి. ఇంటిలో అరలీటరు చెంబే యున్నదనుకొందము. బొత్తాముల లెక్కకు ఎనిమిదని చెప్పిన బుద్ధి ఇచ్చటికి వచ్చి, ‘నీరు అర తగ్గినది గనుక అన్నియు అర తగ్గింతము’ అనుకొనినచో, చక్కెర అయిదున్నర చెంచాలు, ఉప్పు బొత్తిగా సున్న! భేదము చూచు కన్నుకును రెట్లు చూచు కన్నుకును నడుమనున్న దూరమెంతయో నాకీ చెంబుకంటె స్పష్టముగా చూపినది మరొకటి లేదు. ఏ పాఠ్యపుస్తకములోనైన ఈ లెక్క కనబడునేమోయని వెదకితిని. పెన్నులు, నోటుపుస్తకములు, నారింజపండ్లు కనబడినవి.

ఇక రెండవ చిక్కు. నిష్పత్తి కొంచెము పట్టుబడిన పిల్లవానికి అంతటను నిష్పత్తియే కనబడును. ఒక్కడు డొంకరాయికి రెండు గంటలలో నడచినచో నలుగురు ఎంతసేపటిలో నడతురని అడుగుడు. సగము తరగతి అరగంట యనును, మిగిలిన సగము ఎనిమిది గంటలనును. ఏది అనుపాతము కాదో తెలియుట అనుపాతము తెలియుటలో సగపాలు. దీనికి విద్యుత్ కేంద్రపు నీడన చదువుకొను పిల్లలకు కరెంటు బిల్లుకంటె మంచి పాఠ మేది? 2022 నాటి ధరల పట్టికలో మొదటి 30 యూనిట్లకు యూనిటు 1.90 రూపాయలు, ఆపైని 75 వరకు 3 రూపాయలు. 30 యూనిట్లకు 57 రూపాయలైనచో 60 యూనిట్లకు 114 అని అడ్డగుణకారము చెప్పును; బిల్లు మాత్రము, తక్కిన రుసుము లటుంచినను, 147 అని వచ్చును. వాడకము రెట్టింపైనది, ధర రెట్టింపునకు మించినది. ఎందుకు మించినదని పిల్లవాడు అడిగిన రోజున వానికి గణితమే కాదు, ప్రభుత్వమును గూర్చిన తొలిపాఠమును మొదలైనట్లే.

ప్రభుత్వమును గూర్చి మాటవచ్చినది గనుక డొంకరాయి నీటిని గూర్చియు చెప్పవలసియున్నది. పైన మాచ్‌ఖండ్ అని పిలువబడు నదియే క్రిందికి వచ్చి సీలేరగును. మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వములు కలిసి తలపెట్టి, 1955లో కరెంటు నీయ మొదలిడిన మాచ్‌ఖండ్ కేంద్రపు సామర్థ్యము 120 మెగావాట్లు; వాటాలు ఏడుకు మూడు. అనగా మద్రాసు వాటా పొందిన మనకు 84, ఒరిస్సాకు 36. చాలకాలపు వాదోపవాదముల పిమ్మట 2020లో అది సగము సగముగా మారినది: అరువదికి అరువది. ఏడుకు మూడు ఎట్లు వచ్చినది, ఒకటికి ఒకటి ఎట్లయినది అను చర్చ చేయక ‘120ని 7:3 నిష్పత్తిలో విభజింపుము’ అని మాత్రమే బోర్డుమీద వ్రాసినచో పిల్లవాడు విభజించును, మరచును. ఒక పిల్లవాడు లేచి, “మునిగిన ఊళ్లవాళ్లకెంత సార్?” అని అడిగినచో ఉపాధ్యాయు డేమి చెప్పవలెనో నాకు తెలియును, చెప్పుటకు నోరు రావలయునంతే. ఆ నిష్పత్తిలో వారి పదము లేదు.

డొంకరాయివద్ద నున్నది 25 మెగావాట్ల యంత్ర మొక్కటి. అచ్చటినుండి కాలువ వెంట మోతుగూడెము చేరి, కొండకొననుండి పొల్లూరివైపు దూకు నీటితో నడచు దిగువ సీలేరు కేంద్రములో 115 మెగావాట్ల యంత్రములు నాలుగు, మొత్తము 460. ఇరువదియైదెక్కడ, నాలుగువంద లరువది యెక్కడ? నీరు ఇంచుమించు అదియే. పిల్లలను అడుగగా, “అక్కడ కిందకి బాగా పడుద్ది సార్” అని ఒకమ్మాయి చెప్పినది. శక్తి నీటి పరిమాణమును బట్టియు పెరుగును, పడు ఎత్తును బట్టియు పెరుగును. రెండును కలిసిన లెక్కను పూర్వులు పంచరాశిక మనిరి. పదునెనిమిది రెట్లకు పైగా నున్న ఈ భేదమును ఎత్తులకే కట్టరాదు, గడియకెంత నీరు వదలుదురన్నదియు చూడవలెనని నేను చెప్పుచుండగా ఆ అమ్మాయి కిటికీనుండి కొండవైపు చూచుచుండెను. చెప్పినది తలకెక్కెనో లేదో నేనెరుగను. కొండ మాత్రము పాఠములోనికి వచ్చినది.

ఇదంతయు చదివిన ఉపాధ్యాయులు, ‘సిలబసు ఎవరు పూర్తిచేయుదురు?’ అని అడుగుదురని నాకు తెలియును. నేనును అట్లే అడిగినవాడను. ఒక్క మనవి. అడ్డగుణకారమును నిషేధింపుమని నేననుట లేదు. అది మంచి కత్తి. కాని కత్తిని చేతికిచ్చుటకు ముందు కాయేదో, కొమ్మయేదో చూపవలెను. రెట్టింపు, సగము, మూడురెట్లు అను మెట్లమీదుగా, కందులపిల్ల చేసినట్లు, కట్టుకొని పోవుటను పిల్లలకు కొన్ని వారములు వదలివేయుడు, పట్టికలు వ్రాయింపుడు, జతయేదో నోటితో చెప్పింపుడు, కలిసి పెరుగనివానిని నడుమ నడుమ కలిపి మోసగింపుడు. సూత్రమును కడపటి దినమున చెప్పినను చాలును, అప్పటికి సగముమంది దానిని తామే కనుగొని యుందురు. పిల్లల మాతృభాషలోనే తొలి చదువు సాగవలెనని మన రాష్ట్రము 2004లో సవర, కువి, కోయ, ఆదివాసి ఒడియా మొదలైన ఎనిమిది భాషలలో బహుభాషా విద్యను మొదలిడినది; ఆ ఆలోచన ఎంత మంచిదో వేరుగా చెప్పనక్కరలేదు. కాని భాష అనగా మాటలు మాత్రమే కాదు. సోల కూడ ఒక భాష. కొండరెడ్ల పిల్లలు తెలుగే మాటాడుదురు గదా, వారికి భాష చిక్కు లేదని అనుకొనువారు, ‘పూర్వపదము’, ‘పరపదము’ అను మాటలు వారికి ఏ భాషగా వినబడునో ఒకసారి తరగతి వెనుక బల్లపై కూర్చుండి వినవలయును. ఆ మాటలు పండితునకు సహజములే. వానిని వదలుకొనుడని నేను చెప్పను, నా రాతయే అందులకు సాక్షి. అయితే వస్తువు ముందు, పేరు వెనుక.

సంతనుండి ఇంటికి పోక, మరునాడు మరల ఆ బడికే పోయితిని. నల్లబల్లపైని పొట్టివాడు, పొడుగువాడు ఇంకను అట్లే యుండిరి. వారిని చెరిపి రెండు గంపలు గీచితిని. మొదటి గంపలోని కందులు షావుకారు సోలతో నాలుగు, మీ ఇంటి సోలతో ఆరు. రెండవ గంపలోనివి షావుకారు సోలతో ఆరు. మీ సోలతో ఎన్ని?

“అంత పెద్ద సోల ఉండదు సార్” అని వెనుకనుండి ఒకడు అభ్యంతరము చెప్పెను. ఉన్నదనుకొనుమంటిని. కొందరు వ్రేళ్లు లెక్కించుచుండిరి. ఒకరిద్దరు ఎనిమిదనియే వ్రాసికొనిరి. నిన్నటి పిల్లవాడు మాత్రము పెదవులు కదల్చుచు, “ఆడికి రెండైతే మాకు మూడు… నాలుగైతే ఆరు…” అని ఆగి, “తొమ్మిది” అనెను. అని, కూర్చుండక, నల్లబల్లమీది గంపలను కొంతసేపు చూచి అడిగెను: “మరి ఆడి సోల నిజంగా ఎంత పెద్దదో మేమెలా కొలవాలి సార్? ముట్టుకోనివ్వడు గదా.”

నా సంచిలో దారికై తెచ్చుకొన్న లీటరు నీళ్ల సీసా యున్నది. దానిని తీసి బల్లమీద పెట్టితిని. పిల్లవాడు సీసాను చూచెను, నన్ను చూచెను. పిమ్మట ప్రక్కవాని చెవిలో ఏదో చెప్పెను. వచ్చు సంత ఏ రోజని వారు లెక్కపెట్టుకొనుచుండగా గంట కొట్టిరి.